పాడైతే మళ్ళీ పెట్టుకుందాం

హాస్టల్ కంప్యూటర్ గదిలో మేము విన్న మొదటి పాఠం "ముట్టుకోవద్దు, పాడవుతుంది". ఆ మాట మాకు కొత్త కాదు. మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాళ్ళ పిల్లలం, పత్తితీతకు వెళ్ళేవాళ్ళ పిల్లలం. పాడైతే ఎవరు కడతారన్న భయంతో దూరంగానే నిలబడ్డాం.

పీజీకి వచ్చాక పాత కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో డెబియన్ లినక్స్ ఎక్కించాం. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటరన్నమాట. రెండు రోజులు నల్లతెర, దానిమీద లాగిన్ అనే మాట! పాడుచేశామనుకున్నాం. తీరాచూస్తే ఎక్కించేటప్పుడు డెస్క్‌టాప్ గడిలో టిక్కు పెట్టలేదు, అంతే. లినక్స్‌లో అది విడిగా వేసుకోవలసిన సరుకు. ఉన్న 4 జీబీ మెమరీలో 2 జీబీ దీనికిచ్చి, బరువైన గ్నోమ్ మాని తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాం. మధ్యలో మూడుసార్లు చెడింది. ముందే స్నాప్‌షాట్ తీసుకున్నాం కనుక మూడుసార్లూ వెనక్కి వెళ్ళగలిగాం. అసలు యంత్రానికి ఏమీ కాలేదు. భాష తెలుగు పెడితే చాలా మెనూలు తెలుగులో వచ్చాయి. 'స్వేచ్ఛ' పేరుతో తెలుగు లినక్స్ ఎప్పుడో వచ్చిందని అప్పుడే తెలిసింది.

తమ్ముళ్ళకు పాడుచేసుకునే కంప్యూటర్ ఇవ్వాలన్నదే మా వాదన. వర్చువల్‌బాక్స్, డెబియన్ రెండూ ఉచితమే. కొనాల్సింది ర్యామ్ ఒక్కటే. పూర్వ విద్యార్థులైన అన్నలు ఈ వార్షికోత్సవానికి గోడగడియారాల బదులు అవి తెస్తే బాగుంటుంది.