కన్నీళ్ళు సరే, సెకన్లేవీ?

2024 సెప్టెంబరులో ఒక పొద్దున ఖానాపూర్‌లో మా ఇంట్లో కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాను. పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిందట. మా పనిమనిషి కూతురు ఎనిమిదో క్లాసు, పరుగుపందేల పిచ్చిది, నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అమ్మా, గామె ఎంత సేపట్ల ఉరికింది?"

వెతికాను. చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు ఏమని వెక్కిరించారో ఉంది. తల్లిదండ్రులు పొలం అమ్ముకున్న సంగతి ఉంది. తల్లి కన్నీళ్ళున్నాయి. 'విధిని ఎదిరించి', 'వైకల్యాన్ని జయించి' సరేసరి, అవి లేకుండా ఇలాంటి వార్త అచ్చు కాదు. సెకన్లు మాత్రం లేవు! మర్నాడు మరో పత్రికలో, చిట్టచివరి పేరాలో దొరికాయి. 55.82.

ఏమండీ, ఎన్ని బంతులకెన్ని పరుగులో చెప్పకుండా బ్యాట్స్‌మన్ అమ్మగారి కన్నీళ్ళతో సరిపెడితే మనింట్లో మగవాళ్ళు ఊరుకుంటారా?

పైగా 'టి20' అని రాసి వదిలేశారు. మా అబ్బాయి క్రికెట్టనుకున్నాడు. టి అంటే ట్రాకు, 20 అంటే బుద్ధి ఎదుగుదలలో లోపం ఉన్నవాళ్ళ తరగతి అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? రాయలేదు కనుకే పక్కింటావిడ ఫోటో ఎగాదిగా చూసి, "కాళ్ళూ చేతులూ మంచిగనే ఉన్నయి గద వదినా, మరి గీమెకెట్ల ఇచ్చిండ్రు?" అంది.

అసలు కథంతా అంకెల్లోనే ఉంది. ఆ ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో దీప్తి 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పారిస్‌లో ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ బంగారం గెలిచింది 55.16కి. అంటే కోబె పరుగు మళ్ళీ పరుగెత్తి ఉంటే బంగారం మనదే! టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ హీట్స్‌లోనే ఆ రికార్డు లాగేసుకుని, ఫైనల్లో వెండితో సరిపెట్టుకుంది. ఎంత రసవత్తరమైన పోటీ!

మరి మన పిల్ల ముప్పావు సెకను ఎక్కడ పోగొట్టుకుంది? మొదటి మలుపులోనా, చివరి వందలోనా? మరో పరుగుల రాణినైతే నిలబెట్టి అడిగేవారు. ఈమెనో, కోచ్ నాగపురి రమేష్‌నో అడిగినట్టు నేను చదివిన పత్రికల్లో ఎక్కడా లేదు. పాపం, నొచ్చుకుంటుందని కాబోలు. ఆ 'పాపం' దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళోవాళ్ళు వెక్కిరించారు, వీళ్ళు జాలిపడ్డారు. పరుగు చూసిందెవరు?

55.82 అని చెప్పగానే మా పనిపిల్ల, కాదు కాదు, మా పనిమనిషి కూతురు, పెరటి గోడ మీద బొగ్గుతో రాసుకుంది. దాని కింద తన అంకె కూడా వేసింది. అదెంతో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.