మంచు దారిలో గుడ్లగూబ కోసం...

చలి మైనస్ ముప్పై డిగ్రీలు. వదిలిన ఊపిరి మఫ్లర్ మీదే మంచై గడ్డకడుతుంది. అలాంటి పొద్దున దుప్పట్లోంచి లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని బయల్దేరతారు కొందరు... ఓ గుడ్లగూబను చూడటానికి! మన దగ్గరైతే అది కనిపిస్తే మొహం తిప్పుకునేవాళ్లే ఎక్కువ.

ఆ చోటు పేరు సాక్స్-జిమ్ బాగ్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, డులూత్ నగరానికి వాయవ్యంగా గంట ప్రయాణం. సాక్స్, జిమ్ ఒకప్పటి రెండు చిన్న ఊళ్లు. చుట్టూ చిత్తడినేల. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలువలు తవ్వి, నీటిని బయటికి పంపేసి పొలాలు చేద్దామనుకున్నారు. నేల మాట వినలేదు. పక్షుల అదృష్టం! ఇక్కడి నల్ల స్ప్రూస్ చెట్లు ఎంత నెమ్మదిగా ఎదుగుతాయంటే, మనిషి చేతి లావున్న మానుకే నూరేళ్లు దాటి ఉండొచ్చు.

జనవరిలో ఎనిమిది గంటలకు గానీ వెలుతురు రాదు. ముందుగా అందరూ ఆగేది అడ్మిరల్ రోడ్డులో. కొమ్మలకు పూసిన వేరుసెనగ వెన్న, వేలాడదీసిన కొవ్వు ముద్దల కోసం చిట్టి చికడీలు వాలుతుంటాయి. నల్లటోపీ చికడీ బరువు పది పన్నెండు గ్రాములే. రాత్రిపూట ఒంటి వేడిని పది డిగ్రీల దాకా తగ్గించుకుని, ఉన్న కొవ్వును పొదుపుగా వాడుకుంటూ తెల్లవార్చుకుంటుంది. కెనడా జే ఇంకా ముందుచూపున్న పిట్ట. దొరికిన మెతుకును జిగట లాలాజలంతో చెట్టు బెరడుకి అంటించి దాచుకుంటుంది. ఆ సరుకు అండతోనే మంచు కరగకముందే గూడు కట్టేస్తుంది.

అసలు అతిథి మాత్రం పొద్దువాలుతుంటే వస్తుంది. గ్రేట్ గ్రే ఔల్... రెక్కలు చాపితే దాదాపు అయిదడుగులు. తూకం వేస్తే కిలో పైచిలుకే, మిగతాదంతా ఈకలే! పళ్లెంలాంటి ఆ మొహం చప్పుడును చెవుల్లోకి చేరవేస్తుంది. అడుగున్నర మంచు కింద కదిలే చిట్టెలుకనూ వినగలదు.

ఎలుకలు కరవైతే మాత్రం ఊరు వదలాల్సిందే. 2004-05 చలికాలంలో అదే జరిగింది. ఉత్తరాన తిండి తగ్గి, ఒక్క మిన్నెసోటాలోనే అయిదువేలకు పైగా ఈ గుడ్లగూబలు లెక్కకొచ్చాయి. చూసేవాళ్లకు పండగే. వాటికి మాత్రం కాదు. రోడ్డు పక్కన తక్కువ ఎత్తులో ఎగురుతూ వందల పక్షులు వాహనాల కింద పడి చనిపోయాయి.

అందుకే ఫొటో కోసం పెంపుడు ఎలుకను మంచులో వదిలేవాళ్లను చూస్తే ఇక్కడి పక్షిప్రేమికులకు ఒళ్లు మండుతుంది. ఓసారి కారు దగ్గర తిండి దొరికిన గుడ్లగూబ, మళ్లీ కారు దగ్గరకే వస్తుంది కదా! ఒక చక్కని ఫొటోకు అంత ఖరీదా?

తెలిసినవాళ్లు ఇంజిన్ ఆపేస్తారు. కిందికి దిగరు. కాళ్లు కొయ్యబారుతున్నా చూస్తూ కూర్చుంటారు. నాలుగున్నరవుతుంది, వెలుతురు నీలంగా మారుతుంది. గుడ్లగూబ కొమ్మ వదిలి, చప్పుడు లేకుండా వచ్చి, మొహం ముందుకు పెట్టి మంచులోకి దూకుతుంది. లేచేసరికి గోళ్లలో ఏమీ ఉండదు. ఒళ్లు దులుపుకుని పక్క చెట్టెక్కి మళ్లీ చెవులు రిక్కిస్తుంది. కారులోనూ ఎవరూ తాళంచెవి తిప్పరు.