రూపు తెలియని సంస్కర్త

జర్మనీ రైతుల తిరుగుబాటుకు 2025లో 500 ఏండ్లు నిండినవి. ఆ తిరుగుబాటును, అందులో తల గోల్పోయిన మతబోధకుడు థామస్ ముంట్సర్‌ను స్మరించుటకు, బాటసారులు నడచుచు చూచునట్లు ఆరుబయట కళాకృతులను నిలుపుట మంచి యోచనయే. ఏ కృతులను నిలుపవలె నన్నదే చిక్కు.

ముంట్సర్ సామాన్యుడు కాడు. 1523లోనే ఆల్‌స్టెట్ పట్టణమున లాటిన్‌ను విడిచి, జనుల జర్మన్ భాషలో ఆరాధన నడిపినాడు. 1525 మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ కొండపై ప్రభువుల సేనలు రైతులను వేలకొలది చంపినవి. మే 27న ఆయన శిరస్సును ఖండించినారు. లూథర్ ఆయనను సైతానన్నాడు. తూర్పు జర్మనీ ప్రభుత్వము వీరుడని తన ఐదు మార్కుల నోటుపై ముద్రించినది. చిత్రమేమన, ఆయన ముఖ మెట్టిదో తెలిపెడి సమకాలిక చిత్తరువే లేదు! పేరుపొందినది 1608 నాటిది. అప్పటికి ఆయన మరణించి 83 ఏండ్లు. అట్టి ఊహా ముఖమును మలుపు మలుపునా కంచున పోతపోయుట దేనికి?

శిల్పులు కేథె కొల్విట్జ్‌ను తలచుకొనవలెను. ఈ తిరుగుబాటుపై ఆమె 1902–1908 నడుమ ఏడు ముద్రణచిత్రములు చేసినది. వాటిలో నాయకుని విగ్రహరూపము లేదు. ఒకదానిలో, చేతులెత్తి రైతులను ముందుకు ఉరికించు స్త్రీ వీపు మాత్రమే కనబడును. మరొకదానిలో, రాత్రివేళ దీపము పట్టుకొని శవముల నడుమ వెదకుచున్న తల్లి. ఆ దీపము వెలుగు పడిన చేతిని చూచిన తరువాత గుఱ్ఱముపై వీరుడెవడూ కంటికి ఆనడు.

కాబట్టి నా మట్టుకు, బాట పొడవునా పండ్రెండు రాళ్లు చాలును. దక్షిణాన మెమ్మింగెన్‌లో 1525లో రైతులు వ్రాసికొన్న కోరికలు పండ్రెండు. అవి ముంట్సర్ వ్రాసినవి కావు. అచ్చుపడి దేశమంతటా ప్రాకినవి. మా బోధకుని మేమే ఎన్నుకొందుము. మమ్ము బానిసలుగా చూడరాదు. ఏటి చేప, అడవి కట్టె మావియు. ఇంటి యజమాని చనిపోయినప్పుడు వితంతువును, అనాథలను పీడించి పన్ను గుంజరాదు. ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఒక్కొక్క రాతి కడ ఆగి, ఇది అన్యాయపు కోరికయా అని అడుగవచ్చును. పాఠ్యపుస్తకమున యుద్ధము తేదీ దొరకును గాని ఈ కట్టెల మోపు దొరకదు.

పండ్రెండవ రాయి మాత్రము కొండమీద, రక్తము పారిన చోటనే ఉండవలెను. మా కోరికలలో ఏదైనను దైవవాక్యమునకు విరుద్ధమని చూపినచో దానిని విడిచెదము అన్నదే ఆ చివరి మాట.