పది గేదెలు ఒకేసారి కొంటున్నారా? కాస్త ఆగండి

ఈ మధ్య మన ఏలూరు, గూడెం వైపు కుర్రాళ్ళు డెయిరీ పెడతామని బాగా అడుగుతున్నారు. మంచిదే. కానీ అందరి కాగితం మీదా లెక్క ఒకటే. పది ముర్రా గేదెలు, ఒక్కోటి రోజుకు పది లీటర్లు, ఇంటూ 365. గేదె కుళాయి అనుకుని వేసిన లెక్క అది.

గేదె చూడి కాలం పది నెలల పది రోజులు. ఈనిన మూడు నాలుగు నెలల్లో మళ్ళీ చూడి కట్టిందా, మీరు బతికిపోయారు. కట్టలేదా, పాలు తగ్గి తగ్గి వట్టిపోతుంది, మేత మాత్రం తగ్గదు. మన దగ్గర కొత్త డెయిరీలు మూతపడేది పాల రేటు కంటే ఈ వట్టి గేదెల వల్లే ఎక్కువని నా అభిప్రాయం. ఆవులాగా గేదె ఎదకొచ్చానని గోల చెయ్యదు. ఎండాకాలం మరీను, మూగ ఎద. 21 రోజులకోసారి వచ్చి ఒక రోజులో పోతుంది. అది కూడా ఎక్కువగా రాత్రిపూట. తెల్లారుజామున లేచి తీగలు వేస్తోందా అని చూసే మనిషి ఇంట్లో ఉండాలి. జీతగాడు చూస్తాడులే అనుకుంటే ఆ 21 రోజులు పోయినట్టే.

పది ఒకేసారి కొంటే పదీ ఒకేసారి వట్టిపోతాయి. సగం ఇప్పుడు, సగం ఆరు నెలలాగి కొనండి. నన్నడిగితే మొదట రెండే కొనమంటాను. బేరం దగ్గర పొదుగు చూసి మురిసిపోకండి, ముందు పూట పిండకుండా వదిలేస్తే ఏ పొదుగైనా నిండుగానే కనపడుద్ది. వరసగా మూడు పూటలు మీ ఎదుట పిండించి, మొదటి పూట లెక్కలోంచి తీసెయ్యండి. పక్కన కట్టిన దూడ దానిదేనా అన్నది కూడా చూడండి. రోహ్‌తక్, జింద్ దాకా వెళ్ళి లారీలో తెస్తే అక్కడిచ్చిన పాలు ఇక్కడ దిగిన మర్నాడు ఇవ్వదు. ముర్రాతో కలిసిన మంచి గేదెలు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి కదండీ!

ఇక మేత. గేదెకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చమేత కావాలి. కైకలూరు, ఆకివీడు వైపు చేలన్నీ చెరువులయ్యాక గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? వట్టి వరిగడ్డి కడుపు నింపుతుంది, పాలివ్వదు. ముందు అర ఎకరం నేపియర్ వెయ్యండి, అది కోతకొచ్చాక గేదె సంగతి చూద్దాం. వరి కోసిన చేలో పిల్లిపెసర చల్లుకునే వీలుంటే మరీ మంచిది.

కొల్లేరు చుట్టుపక్కలవాళ్ళకు ఇంకోటి. కాలవ గట్టున, నీళ్ళలో పెరిగిన గడ్డి చూడ్డానికి పచ్చగా ఉంటుంది. నత్తలున్నచోట ఆ గడ్డితోపాటే కార్జపు జలగలు కడుపులోకి పోతాయి. గేదె చిక్కిపోతుంది, పారుకుంటుంది, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పేడ పరీక్ష చేయించి డాక్టరుగారు చెప్పిన మందు పట్టండి. మామూలు నట్టల మందులన్నీ దీనికి పనిచెయ్యవు. దీన్ని చూసి గొంతువాపు అనుకునేవాళ్ళున్నారు, గొంతువాపును చూసి జలగలనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండోదే ప్రమాదం. గొంతువాపుకు ఒళ్ళు కాలిపోద్ది, గురక వస్తుంది, ఒక్కరోజులో ప్రాణం తీస్తుంది. దానికి టీకా వానలకు ముందే వేయించాలి. లక్షణాలు కనపడ్డాక పసర్లు పోస్తూ కూర్చోకుండా వెంటనే 1962కి ఫోన్ చెయ్యండి.