మన పెరడు: గోడ దాటించు పచ్చియాకు



కాయ కోసినంతనే పాదు పని తీరినదని తలంచి, ముల్లంగియాకును, తోటకూర కాడలను, చిక్కుడు తీగలను గోడ కావల విసరివేయుట మనలో పెక్కుమంది కలవాటు. పశువులున్న యింట పెంటకు కొదువ లేదు. మావంటి ఉపాధ్యాయుల యింట గంపెడు పెంటయు వెలయిచ్చి కొనవలసినదే. అట్టివారు ఆకును పారవేయుట, కొన్న పెంటను పారవేయుటయే యగును.

ఈ సంగతి యెఱిగియు నిరుడు మేమొక తొందరపాటు చేసితిమి. పచ్చియాకును, కందికట్టె తునకలను మడిలో దట్టముగా పాతి, మరునాడే తోటకూర విత్తులు చల్లితిమి. మొలకలు వచ్చినవి గాని కొలదిదినములలోనే పసుపువన్నెకు తిరిగినవి. “అమ్మా, మన కూరకు కామెర్లు వచ్చినవా?” యని మా చిన్నది యడిగినది. ఆ నెల కూర అంగడిలో కొనవలసి వచ్చినది. పొరుగింటి ముసలమ్మ మడిని చూచి, “పెంట మాగకుంటే పైరుకు పడదు బిడ్డా” యన్నది.

ఆమె మాట సత్యము. ఎండుకట్టెను కుళ్లజేయు సూక్ష్మజీవులకు నత్రజని కావలయును. కట్టెలో నది స్వల్పము గనుక, అవి మట్టిలోని నత్రజనిని లాగుకొని మొలకలను పస్తు పెట్టును. పచ్చియాకు త్వరగా చివుకును గాని, దట్టముగా పాతినచో గాలి యాడక లేతవేళ్లకు చేటు తెచ్చును. రెంటిని కలిపి వేఱొకచోట మాగనిచ్చిన నీ చిక్కు లుండవు.

మా బంట్వారము ప్రాంతమున ఎండాకునకు లోటు లేదు. 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన తాండూరు కంది మా చేలలోని పంటయే. కళ్లమున పశువులు విడిచిన ఆకును, పొట్టును అడిగి తెచ్చుకొనవచ్చును.

నీడపట్టున రెండుపాళ్లు ఎండాకు, ఒకపాలు పచ్చియాకు పొరలుగా పేర్చి, పొరపొరకు పేడనీళ్లు, పిడికెడు మట్టి చల్లవలెను. పిడికిట పిండిన చేయి తడియవలెనే గాని నీరు కారరాదు. లోపల వేడి పుట్టును, భయపడవలదు. పక్షమున కొకసారి తిరుగవేయవలెను. 1924 మొదలు 1931 వరకు ఇండోరులో ఆల్బర్టు హోవర్డు దొర చక్కపఱచిన పద్ధతియు నిట్టిదే. మూడు నెలలకు ఎరువు సిద్ధమగును.

కొన్ని జాగ్రత్తలు: లేత ముల్లంగియాకు ముందు పప్పులోనికి, ముదిరినది కుప్పకు. చిక్కుడు పాదును పెరుకక మొదట కోయుడు. వేళ్లబుడిపెలు నేలకే మేలు. తెగులు తగిలిన టొమాటో, బెండ మొక్కలను, విత్తు కట్టిన కలుపును కుప్పలో చేర్పకుడు.

ఈ యేడు అదే మడిలో మాగిన ఎరువు వేసితిమి. తోటకూర నిగనిగలాడుచున్నది. కాడలను కుప్పకు మోయుపని మా చిన్నది తనదే యనుచున్నది. మీరును ఈ నెలనుండి కాయ కోసిన పాదును గోడ దాటనీయకుడు.