వారసుడే... అయితే ఏంటట?

మొన్న లంచ్ టైములో మా క్యాంటీన్లో చిన్న గొడవ. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటుంటే మా టీమ్‌మేట్ ఒకడు "ఏంటి గురూ వింటున్నావ్?" అన్నాడు. డేమియన్ మార్లీ అన్నా. "ఓహో, బాబ్ మార్లీ కొడుకా! అయ్య పేరు చెప్పుకుని బతికేస్తున్నాడన్నమాట, మన హీరోల్లాగే" అనేసి పెరుగన్నం కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఒక్క పాట వినలేదు. తీర్పు మాత్రం ఇచ్చేశాడు!

వాడి మంట నాకు అర్థం కాకపోలేదు. వంశం పేరుతో తొడగొట్టే డైలాగులు విని విని మనందరికీ వారసుడనే మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. కానీ కోపం ఉంది కదా అని అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అసలు సంగతి చూద్దాం. బాబ్ మార్లీ 1981 మే 11న పోయాడు. అప్పటికి డేమియన్‌కి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ పెద్దాయన వీలునామా రాయలేదు, ఆస్తి గొడవలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచాయి. డేమియన్ తల్లి సిండీ బ్రేక్‌స్పియర్, 1976 మిస్ వరల్డ్. పిల్లాడు పెరిగింది కింగ్‌స్టన్‌లో కలిగినవాళ్ళ వైపు, తండ్రి పెరిగిన ట్రెంచ్‌టౌన్ ఇరుకు ఇళ్ళలో కాదు. అంటే తిండికి లోటు లేదు, పేరుకి లోటు లేదు. తండ్రిని 'టఫ్ గాంగ్' అంటే ఇతన్ని 'జూనియర్ గాంగ్' అన్నారు. వారసత్వం ఉందా అంటే నిక్షేపంలా ఉంది. నేనేమీ దాచట్లేదు.

మరి దాంతో ఏం చేశాడు? తేలిక దారి ఒకటుంది. నాన్న గొంతు, నాన్న పాటలు... జీవితాంతం స్టేజీ షోలు చేసుకోవచ్చు. ఇతను ఆ దారి వదిలేసి 'డీజే' పద్ధతి పట్టుకున్నాడు. జమైకాలో డీజే అంటే రికార్డులు తిప్పేవాడు కాదు, లయ మీద మాటల్ని దంచేవాడు. 1996లో పద్దెనిమిదేళ్ళకి మొదటి ఆల్బం. అన్న స్టీఫెన్ ప్రొడ్యూసర్ (అదీ వారసత్వమే, ఒప్పుకుంటా). 2001లో 'హాఫ్‌వే ట్రీ'. కింగ్‌స్టన్‌లో ఆ పేరుతో ఒక కూడలి ఉంది, ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్యలో. తను పుట్టిందే ఆ రెంటి మధ్య అని ఆల్బం అట్ట మీదే చెప్పుకున్నాడు. "నేను కష్టపడి కింద నుంచి వచ్చాను" అని కట్టుకథ అల్లలేదు. మన వారసుల్లో ఎంతమందికి ఆ నిజాయితీ ఉంది, చెప్పండి?

ఇక 2005లో 'వెల్‌కమ్ టు జామ్‌రాక్'. ఇనీ కమోజీ 1984 నాటి పాట ముక్కని తీసుకుని దాని మీద కట్టిన పాట. రిసార్టులో కొబ్బరిబోండాం తాగి వెళ్ళిపోయే టూరిస్టుకి కనపడని జమైకాని చూపించాడు. పార్టీల పేరుతో చచ్చే కుర్రాళ్ళు, తుపాకులు, ఆకలి, ఓట్లప్పుడు తప్ప మొహం చూపించని నాయకులు. నాన్న బొమ్మ పెట్టి టీషర్టులమ్మే దేశం గురించి కొడుకు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. 2006లో ఒకే రాత్రి రెండు గ్రామీలు వచ్చాయి, అందులో ఒకటి రెగేకి బయటి విభాగంలో.

"రెగే గ్రామీలన్నీ ఆ ఇంటికే పోతాయిగా" అంటారు. నిజమే, ఆ విమర్శతో నాకు పేచీ లేదు. ఓటేసేవాళ్ళకి తెలిసిన ఇంటిపేరు అదొక్కటే అయినట్టుంటుంది. 2025లోనూ ఆ బహుమతి బాబ్ మార్లీ జీవితం మీద తీసిన సినిమా తాలూకు ఆల్బంకే వెళ్ళింది. ఆ పెద్దాయనకి మాత్రం బతికుండగా ఒక్కటీ రాలేదు! కానీ ఆ తప్పు ఓటేసేవాళ్ళది, పాటది కాదు.

మనవాళ్ళకి ఇంకో మాట. 2011లో మిక్ జాగర్ ఉన్న 'సూపర్‌హెవీ' బ్యాండు ఆల్బం వస్తే అందులో మన రెహమాన్ ఉన్నాడు, ఈ డేమియనూ ఉన్నాడు. 'సత్యమేవ జయతే' అని ఒక పాట కూడా ఉంది. రెహమాన్ అభిమానులమని చెప్పుకునేవాళ్ళు ఎంతమంది విన్నారో మరి.

సరే, నాకు గుచ్చుకునే ముల్లు కూడా చెప్పేస్తా. 2014లో ఇతను 'వెల్‌కమ్ టు జామ్‌రాక్' పేరుతోనే ఓడ మీద విహారయాత్ర మొదలుపెట్టాడు. టూరిస్టు చూడని జమైకా గురించి రాసిన పాట పేరు తీసుకెళ్ళి టూరిస్టు ఓడకి పెట్టడం! దీన్ని నేను సమర్థించలేను. తిట్టాలనుకుంటే దీనికి తిట్టండి, నేనూ కలుస్తా. పుట్టినందుకు మాత్రం తిట్టకండి.

ఎందుకింత ఆవేశం అంటారా? ఆ రోజు క్యాంటీన్ నుంచి సీటుకొచ్చి మెయిల్ తెరిస్తే, పోయిన నెల నేను రిఫరల్‌లో పెట్టిన మా బాబాయి కొడుక్కి ఇంటర్వ్యూ కాల్ వచ్చిందని ఉంది. వాడి రెజ్యూమె మామూలుదే. నా పేరు లేకపోతే ఎవడూ తెరిచేవాడు కాదు. నాకేమో నాన్న బ్యాంకు ఉద్యోగం, కోచింగ్ ఫీజు, ఇంగ్లీషు మీడియం. ఇన్నాళ్ళూ "సొంతంగా పైకొచ్చా" అని అందరికీ చెప్పుకు తిరిగా. పెరుగన్నం మిత్రుడి కథా ఇంతే, వాళ్ళన్నయ్య సీనియర్ ఆర్కిటెక్టు.

తలుపు ఎవరు తీశారన్నది మన చేతుల్లో లేదు. లోపలికొచ్చాక ఏం చేశామన్నదే లెక్క. మా తమ్ముడికి అదే చెప్పా. "ఇంటర్వ్యూ దాకా నా పేరు, ఆ తర్వాత నీ పని" అని.

మిత్రుడికి పాట లింకు పంపా. విన్నాక తిడితే అప్పుడు పడతా.