ముక్కు నాది, గునాహ్ ఎవరిది?



విజయవాడలో ముక్కు ఆపరేషన్ చేయించుకుని పెదపాడు వచ్చి పది రోజులైంది. ముక్కు మీద కట్టు మొన్ననే తీశారు. కళ్ల కింద నలుపు ఇంకా పోలేదు. తల వంచొద్దన్నారు, అందుకే కుర్చీలో కూర్చుని ఇషారాతోనే నమాజ్. సజ్దా లేదన్నదే నా బాధ.

చూడ్డానికొచ్చిన ఖాలాలు మాత్రం "అల్లా ఇచ్చిన సూరత్ చాలలేదా?" అని తానాలు వేసి పోతున్నారు.

ఖాలాజాన్, నాలుగేళ్లలో ఏడు రిష్తాలు మా ఇంట్లో చాయ్ తాగి వెళ్లాయి. "పిల్ల మంచిదే, ముక్కే కాస్త..." అన్నదెవరు? అప్పుడు గుర్తు రాలేదా, ఆ సూరత్ ఇచ్చింది అల్లాయేనని?

మసాయెల్ నాకూ తెలుసు. అర్ఫజా రజియల్లాహు అన్హు ముక్కు కులాబ్ యుద్ధంలో పోయింది. వెండి ముక్కు పెట్టుకుంటే వాసన వేసింది. బంగారంతో చేయించుకోమన్నారు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం. అది ఐబ్ తీర్చుకోవడం. ఒట్టి అందం కోసమైతే ఎక్కువమంది ఉలమాలు నాజాయిజ్ అంటారు. నాది ఏ లెక్కలోకొస్తుందో, ఆ జవాబు అల్లాకు నేనే చెప్పుకుంటాను. తౌబా చేయాల్సింది ఉంటే చేస్తాను.

మరి ఐబ్ లేని ముక్కుకు ఐబ్ అంటగట్టినవాళ్లు? వాళ్ల తౌబా ఎప్పుడు?

వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుందన్నారు డాక్టర్ గారు. ఈలోగా కొడుకులున్న అమ్మీలకు ఒకటే మనవి. రండి, చాయ్ తాగండి, పిల్ల దీన్ అడగండి, చదువు అడగండి. ముక్కు కొలవడానికైతే మాత్రం ఎవరి గడపా తొక్కకండి.